కడిగి తెచ్చిన బండి

ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. మెకానిక్ షాపు వేరేవాళ్ళకు అప్పగించి నేను ఇంట్లో కూర్చున్నా, ముసలోడి దగ్గర ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందని వాళ్ళ ఆశ. ఏ స్పానర్ల సెట్టు కొనాలి, ఫోనుకు తగిలించే స్కానరు ఏది మంచిది, ఆదోనిలో ఇంకో షాపు పెడితే నడుస్తుందా అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. కానీ బండి పట్టుకొచ్చిన మనిషిని ఏమేమి అడగాలి అని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. వీళ్ళ దృష్టిలో మెకానిక్ పనంటే చేతుల పని. తన్నులు తింటూ మూడేళ్ళు ఒకచోట కూర్చుంటే చేతుల పని ఎవడికైనా వస్తుంది. అడగడం మాత్రం రిటైరయ్యే నాటికి కూడా నాకు పూర్తిగా రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. షాపు ఎలా పెట్టాను, ఎలా పెంచాను అన్న సోది మీకక్కర్లేదు. ఇంజను వేడెక్కడం అనే ఒక్క జబ్బు గురించే చెప్తాను. మా వైపు ఎండలకు అది ఇంటింటి జబ్బు. నాకు మహా ఇష్టమైన జబ్బు కూడా. ప్లగ్గు పోతే ప్లగ్గు మారుస్తాం, చైను తెగితే చైను వేస్తాం, అందులో ఆలోచించడానికేముంది? వేడెక్కిన బండి అట్లా కాదు. అది ఎందుకు వేడెక్కిందో తెలియాలంటే ఆ బండి ఎక్కడ తిరుగుతుందో, ఎవరు నడుపుతారో, ఏం మోస్తుందో అన్నీ తెలియాలి. ఊరోళ్ళ సంగతులు తెలుసుకోవాలనే పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

ఎమ్మిగనూరులో మా గురువు

నేను పని నేర్చుకున్నది ఎమ్మిగనూరులో, ఖాసీం సాబ్ దగ్గర. ఆయన షాపు మగ్గాల వీధి పక్కనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడు వస్తూనే ఉంటుంది. అంత చప్పుడులో కూడా వీధి చివర వస్తున్న బండి వాల్వు శబ్దం పట్టుకునే చెవి ఆయనది.

ఉన్నమాట చెప్పాలి. ఖాసీం సాబ్ గొప్ప పనిమంతుడు, దిక్కుమాలిన గురువు. ఎందుకు అన్న మాట ఆయనకు గిట్టదు. "ఎందుకు సాబ్?" అంటే చేతిలో ఏముంటే దానితో ఒకటి తగిలించేవాడు. చూసి నేర్చుకోవాలంతే. మీకు ఇట్లాంటి గురువు దొరికితే పని దొంగిలించండి, ఆయన పద్ధతి మాత్రం దొంగిలించకండి. మీ దగ్గర నేర్చుకునేవాళ్ళకు చెప్పండి.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. బండి వచ్చిన వెంటనే ముట్టుకోడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, టీ తెప్పించి, బండికి సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. నేను దాన్ని ఊసుపోక కబుర్లు అనుకునేవాణ్ణి. ఒకసారి నూలు వ్యాపారి ఒకాయన మోపెడ్ తెచ్చాడు. ఇంజను కాలిపోతోందని, రెండు షాపుల్లో చూపించినా తగ్గలేదని గోల. ఖాసీం సాబ్ టీ తాగుతూ, పండగ సీజను గదా, నూలు బాగా పోతాందా అని అడిగాడు. బ్రహ్మాండంగా పోతోందట. ఒక్కో తిరుగుడుకు ముందుకంటే ఎక్కువ కట్టలు తెస్తున్నాడట. ఎక్కడ పెట్టుకొస్తాండావు అని అడిగితే, కాళ్ళ దగ్గర ఫుట్‌బోర్డు మీద అన్నాడు. ఇంకేముంది, గాలి తగలాల్సిన ఇంజనుకు ముందు నూలు గోడ కట్టి నడుపుతున్నాడు మహానుభావుడు. కట్టలు వెనక వేసుకొమ్మని పంపించాడు ఖాసీం సాబ్. స్పానరు ముట్టనే లేదు.

ఆ రోజు నుంచి నేను కూడా టీ తెప్పించడం మొదలుపెట్టాను. టీ మాత్రమే నేర్చుకున్నానని, కబుర్లు నేర్చుకోలేదని తర్వాత ఎప్పుడో తెలిసింది.

దూది, ఉప్పు నీళ్ళు

ఆదోనిలో సొంత షాపు పెట్టాక కొంతకాలానికి రేడియేటర్ బండ్లు రావడం మొదలైంది. గాలికి చల్లబడే పాత బండ్లకు జబ్బులు తక్కువ. ఈ కొత్తవాటికి ఇంజను చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళను చల్లార్చడానికి రేడియేటర్, గాలి చాలకపోతే దాని వెనక చిన్న ఫ్యాను. భాగాలు పెరిగాయి, సాకులూ పెరిగాయి.

మా ఊరికి మా ఊరి జబ్బులే ఉంటాయి. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుల చుట్టూ గాలిలో దూది ఎగురుతుంది. రేడియేటర్ రెక్కల సందుల్లో అది పరుపులాగా పేరుకుంటుంది. పైకి చూస్తే దుమ్మేలే అనిపిస్తుంది. మెత్తటి బ్రష్షు పెట్టి వెనక నుంచి ముందుకు దులిపితే గుప్పెడు దూది ఊడొస్తుంది. ఇంకొకటి బోరు నీళ్ళు. కూలెంట్ కొనడం దండగని మన ఉప్పు నీళ్ళు పోస్తారు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, ఇంజను లోపల కూడా అదే కడుతుంది.

ఈ రెండూ చూశాక వరుసగా మిగతావి చూడండి. రేడియేటర్ మూత బిగువుగా ఉందా, వేడెక్కాక నీళ్ళకు దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, పంపు నీళ్ళు తిప్పుతోందా, ఫ్యాను సమయానికి తిరుగుతోందా, హెడ్ గ్యాస్కెట్ లీకై నీళ్ళలో బుడగలు వస్తున్నాయా. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో లేనిది రూతమ్మ బండి.

సూది వేశాకే ఉడుకుతుంది

అది నా షాపు చివరి రోజుల మాట. మంచి ఎండాకాలం. కోసిగి అవతలి గుట్టల పల్లె నుంచి రూతమ్మ అని ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గొర్రెలకు టీకాలు వేసే పని ఆమెది. అక్కడి కాపరుల సంఘం ఆమెకు శిక్షణ ఇప్పించి, బెంగళూరు నుంచి వాడిన ఆఫ్‌రోడ్ బండి ఒకటి తెప్పించి ఇచ్చింది. పొడుగాటి బండి, గడ్డలు గడ్డలుగా టైర్లు. దాని మీద ఆమె కూర్చుంటే కాళ్ళు నేలకు సగమే ఆనేవి. అయినా బండిని ఎంత ఒడుపుగా రోడ్డు దించి ఆపిందో బజారంతా చూసింది.

బండి తళతళలాడుతోంది. సంతకు తోలే ఎద్దులాగా కడిగి, హ్యాండిలుకు పసుపు రాసి ఉంది. నాకు ముచ్చటేసింది. మా షాపుకొచ్చే బండ్లన్నీ ఇట్లా ఉంటే ఎంత బాగుండునని అన్నాను కూడా.

ఆమెకు మాత్రం ముచ్చట్లు ఆడే తీరిక లేదు. చిటుకు రోగం సంగతి చెప్పింది. మొదటి వానలు పడి లేత గడ్డి మొలిచాక గొర్రెలకు వస్తుందట. సాయంత్రం బాగా మేసి వచ్చిన గొర్రె తెల్లారేసరికి కాళ్ళు చాపేస్తుంది. బాగా పుష్టిగా ఉన్నవే ముందు పోతాయి. వచ్చాక మందు లేదు, వానలకు ముందే టీకా వెయ్యాలి, కొన్నాళ్ళకు రెండోది వెయ్యాలి. మందు ఐసు పెట్టెలో ఉండాలి. ఎండలో పెట్టె ఎక్కువసేపు ఉండిపోతే మందు నీళ్ళతో సమానం. బండి రెండుసార్లు గుట్టల్లో ఉడికి నిలబడిపోయింది. రెండుసార్లూ ఐసు కరిగి మందు పారబోసింది. ఇంకొకసారి పాడైతే బండి వెనక్కి ఇచ్చెయ్యమని సంఘం వాళ్ళు గట్టిగా చెప్పారట. బండి పోతే పని పోయినట్టే. పని పోతే మళ్ళీ సుగ్గికి పోవాలి. మా పడమటి పల్లెల వాళ్ళు మిరపకాయలు కొయ్యడానికి, పత్తి తియ్యడానికి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు పోతారే, దాన్ని సుగ్గి అంటారు. రూతమ్మ చిన్నతనమంతా ఆ సుగ్గి గుడిసెల్లోనే గడిచింది.

ఎప్పుడెప్పుడు ఉడుకుతుందమ్మా అని అడిగాను. ఆమె చెప్పినదే నన్ను పట్టేసింది.

"పొద్దున పోయేటప్పుడు ఏమీ కాదు మేస్త్రీ. సూదులేసినాకే ఉడుకుతాంది."

షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. సూది గొర్రెకేస్తే జ్వరం బండికొచ్చిందా అని నేనూ ఒక చురక వేశాను. ఆమె నవ్వలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గదా, నవ్వే మాకేం తెలుస్తుంది.

అంతా బాగానే ఉంది

అంతకుముందు ఒక షాపులో ఆమె బండికి కూలెంట్ మార్చారు, మూత మార్చారు, థర్మోస్టాట్ మార్చారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట ఒకడు. వేడి అనగానే కొత్త సామాను తగిలించేవాళ్ళు ఆ జాతి. నేను ఒక్కొక్కటే విప్పి చూశాను. థర్మోస్టాట్ తీసుకుపోయి పక్కన టీకొట్టులో సలసల మరిగే నీళ్ళలో వేస్తే, టీకొట్టాయన నా వంశాన్నంతా తిట్టాడు. అది మాత్రం చక్కగా నోరు తెరిచింది. పంపు బాగుంది. రేడియేటర్ రెక్కలు అద్దంలాగా ఉన్నాయి. నీళ్ళలో బుడగ లేదు.

బండిని నిలబెట్టి ఇంజను ఆన్ చేసి కూర్చున్నాను. వేడి పెరిగింది, పెరిగింది, సరిగ్గా తిరగాల్సిన చోట ఫ్యాను గుయ్యిమని తిరిగింది. వేడి దిగింది. మళ్ళీ పెరిగింది, మళ్ళీ ఫ్యాను తిరిగింది. ఆదోని కొండల వైపు తీసుకుపోయి, ఇసుకలో, రాళ్ళలో, మిట్టమధ్యాహ్నం తిప్పాను. నేను ఉడికాను గాని బండి ఉడకలేదు.

ఒక్కటి మాత్రం కంటికి ఆనింది. ట్యాంకు కింద ఫ్యానుకు పోయే వైరుకు ఒక ప్లాస్టిక్ జాయింటు ఉంటుంది. దాని క్లిప్పు అరిగి నున్నగా ఉంది. బెంగళూరులో ఎవడో పాత యజమాని విప్పి ఉంటాడులే అనుకుని వదిలేశాను. కంటికి ఆనిన దాన్ని నోటితో అడిగితే అక్కడే అయిపోయేది.

రూతమ్మ సాయంత్రం వచ్చేసరికి, బండికి ఏ రోగమూ లేదని చెప్పాను. ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. తాను చెప్పేది అబద్ధమని నేనన్నట్టు నిలబడిపోయింది. నాకు ఆ మనిషి మీద జాలి, ఆ బండి మీద పట్టుదల రెండూ కలిగాయి. ఈసారి సూదులు వేసేటప్పుడు నేనూ వస్తానన్నాను.

మంద తల దించేదాకా

తెల్లవారుతుండగా కోసిగి దాటాం. ముందు ఆమె, వెనక నా పాత బండి మీద నేను. తారు రోడ్డు అయిపోయి మట్టిబాట మొదలయ్యే చోట ఆమె ఆగి, వంగి, చెప్పు సర్దుకున్నట్టు ఏదో చేసింది. నేను అంత పట్టించుకోలేదు. ఒక కోసు దూరం పోయాక భీమన్న మంద కనబడింది. ఎవరిదో బీడు చేనులో, ఎరువు కోసం, ముళ్ళకంప దొడ్డి కట్టి మంద పెట్టుకున్నాడు. తలకు రుమాలు, భుజాన కంబళి, బక్కపలచటి మనిషి. సరిహద్దు మనుషులు గదా, ఆయన మాటలో కన్నడం కలిసే ఉంటుంది.

"హౌదా? బండి డాక్టరు ఈయనేనా?" అన్నాడు నన్ను చూసి. ఆయన నవ్వులో కాస్త వెటకారం లేకపోలేదు.

సూదులు వెయ్యడం చూసి నేను ఆశ్చర్యపోయాను. భీమన్న గొర్రెను కాళ్ళ మధ్య పట్టడం, రూతమ్మ చర్మం చిటికెతో లేపి పొడవడం, వదలడం. ఒక గొర్రెకు వేస్తుంటే పక్క గొర్రె కూడా బెదరలేదు. చూస్తూ చూస్తూ అంతా అయిపోయింది. ఇక పోదామా అన్నాను.

అప్పుడే పోకూడదట. సూది వేసినవాళ్ళు మందతో పాటు మేతకు నడవాలి. మంద తల దించి మెయ్యడం మొదలుపెట్టేదాకా వెనకాలే ఉండాలి. ఏ గొర్రెకైనా సూది పడక తూలితే అప్పటికప్పుడు చూసుకోవాలి గదా. అట్లా నడవకుండా పోయినవాళ్ళను ఇంకోసారి మందలోకి రానివ్వరట. అది అక్కడి కట్టుబాటు. నాకు నచ్చింది. మన షాపుల్లో బండి చేతికిచ్చాక ఒక్కడైనా వీధి చివరిదాకా నడుస్తాడా?

ఐసు పెట్టె బండికే కట్టి ఉంది. మిగతా మందు ఇంకో మందకు పోవాలి. కాబట్టి రూతమ్మ బండి మీదనే, మొదటి గేరులో, సగం క్లచ్చు పట్టుకుని, గొర్రెల నడకతో నడిపింది. గాలి పడమటి నుంచి వీస్తోంది. మేము పోయేది తూర్పుకు. గాలి వీపు మీద తగులుతోంది గాని ముందు నుంచి రేడియేటర్‌కు రవ్వంత గాలి లేదు. గొర్రెల కాళ్ళ దుమ్ము మాత్రం కావలసినంత ఉంది. ఎండ ఎక్కుతోంది. నేను పక్కనే నడుస్తూ, ఇప్పుడు ఫ్యాను తిరగాలి, ఇప్పుడు తిరగాలి అని చెవి పెట్టుకుని ఉన్నాను. వేడి మించిందని చెప్పే ఎర్రలైటు వెలిగింది. ఫ్యాను చప్పుడు లేదు.

"ఫ్యాను తిరగల్యా రూతమ్మా" అన్నాను.

"తీసేసినా గదా మేస్త్రీ. ఆ సప్పుడుకు గొర్రెలు బెదురుతాయి."

అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది. మొదట్లో ఒకసారి ఫ్యాను గుయ్యిమనగానే మంద చెదిరి రెండు చేలు దాటి పోయిందట. ఏ వైరు పీకితే చప్పుడు ఆగుతుందో ఆమే వెతుక్కుని పట్టుకుంది. తారు రోడ్డు దిగేటప్పుడు పీకుతుంది, ఎక్కేటప్పుడు తగిలిస్తుంది. చలికాలమంతా నడిచిపోయింది. ఎండలు ముదిరాక ఉడకడం మొదలైంది. ఫ్యానుకూ ఉడకడానికీ సంబంధం ఉందని ఆమెకు ఎందుకు తోచాలి? అంతకుముందు ఆమె నడిపిన పాత బండికి ఫ్యానే లేదు, అది ఎక్కడా నిలబడలేదు.

నేను బాట మధ్యలో నిలబడి నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. ఇంతలో బండి బుస్సుమని ఆగిపోయింది. రూతమ్మ గబగబా ఐసు పెట్టెను విప్పి, తుమ్మచెట్టు నీడలో పెట్టి, తన చున్నీ తడిపి దాని మీద కప్పింది. అప్పుడు నా నవ్వు ఆగింది.

ఆ రోజు మందు పాడవలేదు. మంద తల దించాక, పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆమె నా బండి వెనక కూర్చుంది. ఇద్దరం పోయి రెండో మందకు సూదులు వేసి వచ్చాం. దారిలో అడిగాను, షాపుకు తెచ్చిన రోజు ఈ మాట నాకెందుకు చెప్పలేదని.

"మీరడగల్యా" అంది. "షాపుకొచ్చేటప్పుడు అన్నీ సక్కగా పెట్టుకోని రావాల గదా. ముందుపోయిన షాపులో, పెంట కంపు కొడతాంది, కడుక్కోని రాపో అని తరిమినారు. అందుకే ఇంట్లో రెండు బిందెల నీళ్ళు పోసి కడిగి, వైరు తగిలిచ్చి తెచ్చినాను."

ఎండాకాలంలో కోసిగి పల్లెల్లో రెండు బిందెల నీళ్ళంటే ఏమిటో మీకు తెలియకపోతే, ఒక్కరోజు అక్కడ ఉండి చూడండి. తాగే నీళ్ళతో కడుక్కొచ్చిన బండిని చూసి నేను ముచ్చటపడ్డాను. ఆ పెంట, ఆ దుమ్ము, ఊడదీసి ఉన్న ఆ వైరు చూసి ఉంటే చిటికెలో తేలిపోయేది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, నిజమే. కానీ మనం మనుషుల్ని సిగ్గుపడేట్టు చేస్తే అడిగినా పెట్టరు. షాపుకు వచ్చినవాళ్ళను మురికి అని తరిమేవాడు వేరే పని చూసుకోవడం మంచిది. ఇది కోపంగానే రాస్తున్నాను.

గొర్రెలకు నేర్పిన చప్పుడు

జబ్బు దొరికింది. మందు దొరకలేదు. ఫ్యాను ఉంటే మంద చెదురుతుంది, లేకపోతే బండి ఉడుకుతుంది. ఇంకా పెద్ద రేడియేటర్ పెడదామా అనుకున్నాను. దానికైనా గాలి కావాలి. బండి దొడ్డి దగ్గరే వదిలి నడవమంటే, తిరిగి వచ్చేసరికి ఎండలో ఐసు ఉండదు. భీమన్న మందకు రెండో సూది వెయ్యాల్సిన గడువు దగ్గరికొస్తోంది. పడమట సాయంత్రాలు మబ్బు కూడా కడుతోంది.

దారి చూపింది భీమన్న. బండి తీసుకురావడానికి మర్నాడు పోయినప్పుడు నా ఏడుపంతా విని, కంబళి సర్దుకుంటూ అన్నాడు:

"గొర్రెకు కొత్తదంటేనే బెదురప్పా. తిండి తోడు పెట్టు, దయ్యం సప్పుడైనా అలవాటైతాది."

ఇక నాకు ఒంట్లో నిమ్మళం లేదు. నా షాపులో పాత బండ్ల సామాను గుట్ట ఉంది. అందులోంచి అలాంటి ఫ్యానే ఒకటి వెతికి తీసి, పాత బ్యాటరీకి కలిపి, ఒక స్విచ్చు పెట్టి, చెక్కకు బిగించి తీసుకుపోయాను. భీమన్న రోజూ సాయంత్రం దొడ్డిలో కందిపొట్టు పోసే ముందు స్విచ్చు వేసేవాడు. మొదటి సాయంత్రం నేనున్నాను. గొర్రెలన్నీ దొడ్డి చివరికి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇది జరిగే పని కాదనుకున్నాను. రెండో సాయంత్రం ఒక పొట్టేలు పిల్ల, ముక్కుపైన తెల్లచుక్క ఉన్నది, మెడ చాచి చాచి ముందుకొచ్చి పొట్టు తిన్నదట. దాన్ని చూసి ఇంకొకటి. రూతమ్మ ఫోను చేసి రోజుకొక కబురు చెప్పేది. వయసులో సినిమా కథల కోసం కూడా నేను అంతగా ఎదురుచూడలేదు.

ఆమె బండికి హ్యాండిలు దగ్గర ఫ్యానుకు విడిగా స్విచ్చు పెట్టాను. రెండో సూది నాడు మంద వెనక ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది. గొర్రెలు చెదరలేదు సరికదా, పొట్టు కోసం వెనక్కి వెనక్కి తిరిగి బండిని ముసురుకున్నాయట. వాటిని ముందుకు తోలలేక భీమన్న నోరు పోయింది. బండి మాత్రం ఉడకలేదు. ఆ చెక్కకు బిగించిన ఫ్యాను తర్వాత పక్క మందకు పోయింది, అక్కణ్ణించి ఇంకో మందకు.

వానలు వచ్చాయి. ఆ చుట్టుపక్కల చిటుకు రోగం కూడా వచ్చింది. రూతమ్మ రెండు సూదులూ వేసిన మందలు నిలబడ్డాయి. సంఘం వాళ్ళు మళ్ళీ బండి మాట ఎత్తలేదు.

సంత నాడు

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి.

వానాకాలం వెళ్ళాక ఒక సంత నాడు రూతమ్మ ఆయిలు మార్పించడానికి బండి తెచ్చింది. ఒళ్ళంతా బురద, పేడ, టైర్ల సందుల్లో ఉన్ని. ఎంత బాగుందో చెప్పలేను. ఇంజను ఆపేసి, ఫ్యాను ఎట్లా తిరుగుతోందో చూద్దామని విడి స్విచ్చు వేశాను. ఆమె టీ తాగుతోంది.

మా షాపు ముందు రోడ్డు మీదుగానే గొర్రెలను సంతకు తోలుకుపోతారు. ఆటోలో ఊరి చివర దాకా తెచ్చి, అక్కణ్ణించి నడిపిస్తారు. ఉన్నట్టుండి షాపులోకి పొట్టేళ్ళు చొరబడ్డాయి. ఒకటి కాదు, ఒక గుంపు. ఆయిలు డబ్బాలు దొర్లాయి, చైన్లు చిక్కుపడ్డాయి. టీకొట్టాయన పరుగెత్తుకొచ్చాడు. అవి నేరుగా రూతమ్మ బండి దగ్గరికి పోయి, రేడియేటర్ దగ్గర ముట్టెలు పెట్టి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అన్నిటికంటే ముందున్నదానికి ముక్కుపైన తెల్లచుక్క. బాగా బలిసింది, కొమ్ములొచ్చాయి. అందరం పగలబడి నవ్వాం. నేను దాని తల నిమిరాను కూడా.

భీమన్న కర్ర పట్టుకుని గడపలో నిలబడ్డాడు. నాలుక మడిచి తన కూత కూశాడు. ఆ కూతకు గుట్ట అవతలున్న గొర్రెయినా తిరిగొస్తుంది. ఇవి రాలేదు. ఒక్కటి కూడా తల తిప్పలేదు. మళ్ళీ కూశాడు. అవి ఫ్యాను ముందు అట్లాగే నిలబడి పొట్టు కోసం చూస్తున్నాయి. నవ్వులు ఆగిపోయాయి.

రూతమ్మ నా ముఖం చూసింది కాబోలు.

"బతికినాయి గాబట్టే సంతకు పోతాండాయి మేస్త్రీ" అంది మెల్లగా. "ఈ ఏడు భీమన్నోళ్ళింట్లో ఎవరూ సుగ్గికి పోవడం ల్యా."

నాకు తెలుసు. గొర్రెలను ఎందుకు పెంచుతారో తెలియనివాణ్ణి కాదు, మాంసం తిననివాణ్ణీ కాదు. అయినా స్విచ్చు మీదికి చెయ్యి రాలేదు. భీమన్న నన్ను తొందరపెట్టలేదు. రుమాలుతో ముఖం తుడుచుకుని, వాటి వైపు చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"ఆ సప్పుడు ఆపప్పా. అది తిరిగినంతసేపూ ఇవి నా మాట ఇనవు."

స్విచ్చు ఆపాను. ఫ్యాను నెమ్మదించి ఆగింది. అవి ఇంకొంతసేపు అక్కడే నిలబడి, రేడియేటర్‌ను ఒకసారి నాకి చూసి, ఒకటి వెనక ఒకటి రోడ్డెక్కాయి.